మెరిసే చెక్క వాద్యం మీది స్టిక్కర్ బంక తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గిటార్, హార్మోనియం, వీణ, వయొలిన్, తబలా, డోలక్ లాంటి పాలిష్ పెట్టిన చెక్క వాద్యాల మీద ధర చీటీలు, బార్‌కోడ్‌లు, పార్సిల్ టేపులు, దేవుడి బొమ్మల స్టిక్కర్లు వదిలే బంక గురించి వరంగల్, హన్మకొండ, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వాద్యకారులకూ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకూ వచ్చే సందేహాలు ఇవి.

స్టిక్కర్ మీద చెయ్యి పెట్టే ముందు ఏం చూసుకోవాలె?

కింద ఉన్న పాలిష్ ఏదో చూసుకోవాలి. బంక ఎంత మొండిదైనా ఓపిక పడితే వస్తుంది. పాలిష్ కరిగితే మాత్రం ఆ చోట మళ్లీ పూత వేయించడం తప్ప దారి లేదు. అందుకే ఏ ద్రవం వాడాలన్నది బంకను చూసి కాకుండా పాలిష్‌ను చూసి తేల్చుకోవాలి.

మన దగ్గర కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది లక్క పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పొర మీద పొరగా రుద్దుతారు. పాత హార్మోనియంలు, వీణలు, కొన్ని వయొలిన్ల మీద ఇదే ఉంటుంది. స్పిరిట్‌లో కరిగించి వేసింది కాబట్టి స్పిరిట్ తగిలితే ఎన్నేళ్ల తర్వాతైనా మళ్లీ కరుగుతుంది. రెండోది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్. దీన్ని గన్‌తో కొడతారు. పాత గిటార్లు, ఖరీదైన గిటార్లు కొన్ని, అంగడిలో తయారైన హార్మోనియంలు కొన్ని దీనితోనే మెరుస్తాయి. థిన్నర్, అసిటోన్ దీన్ని నిమిషంలో మెత్తబరుస్తాయి. మూడోది పీయూ (పాలీయురెథేన్) లేదా పాలిస్టర్ పూత. కొత్తగా వస్తున్న మామూలు గిటార్లలో చాలావాటికి ఇదే, అద్దంలా మందంగా ఉంటుంది. గట్టిగా బిగుసుకున్న పూత కనుక అంత తొందరగా చెడదు.

పాలిష్ ఏదో ఇంట్లోనే తెలుసుకునే వీలుందా?

ఉంది. ఎవరికీ కనబడని చోటు ఎంచుకోండి: హార్మోనియంకు అడుగు చెక్క, వీణకు కుండ కింది భాగం, గిటార్‌కు కింది చివర బెల్టు తగిలించే గుండీ పక్కన. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి, బాగా పిండి, పది సెకన్లు ఆనించండి. అర నిమిషం ఆగి వేలితో తాకితే జిగటగా ఉందా, అది లక్క పాలిష్. పరీక్ష అక్కడితో ఆపేయండి. జిగట లేకపోతే ఇంకో పుల్లతో అసిటోన్ అయిదు సెకన్లు ఆనించండి. మెరుపు పోయినా, మెత్తబడినా లాకర్ అనుకోవాలి. రెండిటికీ ఏమీ కాకపోతే పీయూ, పాలిస్టర్ లేదా మెలమైన్ లాంటి గట్టి పూత.

వయొలిన్ మీద ఈ పరీక్ష చేయొద్దు. దాని వార్నిష్ పలచన, రంగు వార్నిష్‌లోనే కలిసి ఉంటుంది. అన్నిటికన్నా నాజూకు పూత ఉందనుకునే పని మొదలుపెట్టండి.

స్టిక్కర్ ఇంకా పూర్తిగానే ఉంది. చింపకుండ ఎట్ల తీయాలె?

వెచ్చచేసి, అడ్డంగా లాగాలి. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద పెట్టి, జానెడు దూరం నుంచి, ఒకేచోట నిలపకుండా ఆడిస్తూ ఇరవై ముప్పై సెకన్లు గాలి తగలనివ్వండి. అరచెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా అనిపించాలి. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సినంత వేడి అయితే ఎక్కువైనట్టే. లక్క 75, 80 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంతకన్నా ముందే మెత్తబడి వేలిముద్రలు పడతాయి. పాత వాద్యాల అతుకుల్లో వాడిన సరేసు (జంతువుల తోలు, ఎముకల జిగురు) కూడా వేడికి పట్టు వదులుతుంది. పెయింటర్లు వాడే హీట్ గన్ అసలే వద్దు.

ఒక మూల గోరుతో లేపి, స్టిక్కర్‌ను దాని మీదికే మడిచినట్టుగా, వాద్యానికి ఆనుకునేంత వాలుగా, చెక్క నార పోయిన దిశలో మెల్లగా లాగండి. నిటారుగా పైకి లాగితే బలం అంతా ఒక్క గీత మీద పడి పాలిష్ పెచ్చు లేస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన వాద్యానికి బ్రౌన్ టేపు నేరుగా చెక్క మీదే చుట్టి పంపిన సందర్భాల్లో ఎక్కువగా జరిగే నష్టం ఇదే. ఒక జానెడు లాగి ఆగండి, మళ్లీ వెచ్చచేయండి, మళ్లీ లాగండి.

ఐసు గడ్డ పెడితే బంక గట్టిపడి ఊడుతుందని అంటరు. నిజమేనా?

స్టీలు గిన్నె మీద అయితే నిజమే. వాద్యం మీద చేయకండి. చెక్క ఒక తీరున, పైపూత ఇంకో తీరున ముడుచుకుంటాయి. ఆ తేడాకు లాకర్ మీద సన్నని పగుళ్ల గీతలు పడతాయి, అవి మళ్లీ మూసుకోవు. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి ఉదయాల్లో చలికే పూత పెళుసుగా ఉంటుంది. ఆ రోజుల్లో వాద్యాన్ని గదిలో పెట్టి, ఎండ పొద్దెక్కి గది వెచ్చబడ్డాకే పని మొదలుపెట్టాలి.

బార్‌కోడ్ చింపితే పైకాగితం వచ్చింది, తెల్ల పొర అట్లనే ఉంది. దానికేం చేయాలె?

ఆ తెల్ల పొర కాగితం. దాని కింద ఉన్నది బంక. రెండిటికీ మందు వేరు. ముందు కాగితాన్ని నానబెట్టాలి. తడిపి గట్టిగా పిండిన తెల్ల నూలు గుడ్డను ఆ చీటీ మేరకే మడిచి మూడు నిమిషాలు ఆనించండి. తర్వాత బొటనవేలితో ఒకే దిక్కుకు తోస్తే కాగితం ముద్దలు ముద్దలుగా వస్తుంది. మిగిలితే ఆరబెట్టి మళ్లీ ఒకసారి. లక్క పాలిష్ మీద తడి గుడ్డ ఎక్కువసేపు ఉంచితే తెల్లగా పాలిపోతుంది కనుక అక్కడ రెండు నిమిషాలు మించకండి. ఎక్కడైనా పగులు, పెచ్చు ఉంటే నీళ్ల పని మానేయండి. చెక్కలోకి తడి దిగితే పగులు చుట్టూ పూత ఉబ్బుతుంది.

ఇప్పుడు ఉత్త బంక మిగిలింది. ఏ ద్రవం వాడాలె?

ముందు ద్రవం లేకుండానే చూడండి. బంక కొత్తదైతే బొటనవేలితో రుద్దితే ఉండలు కడుతుంది. లేదా సెల్లోటేపు ముక్కను బంక మీద నొక్కి మెల్లగా లేపండి. బంక టేపుకు అంటుకుని వస్తుంది. నాలుగైదు ముక్కలు మార్చేసరికి సగం పోతుంది. మందంగా ఉన్నచోట గిటార్ పిక్ గానీ, మూలలు గుండ్రంగా అరగదీసిన పాత ఏటీఎం కార్డు గానీ వాలుగా పట్టుకుని తోయండి. బ్లేడు, చాకు, స్టీలు పీచు దగ్గరికి రానీయొద్దు.

మిగిలినదానికి మేము మొదట సూచించేది లైటర్‌లో పోసే ద్రవం, అంటే నాఫ్తా. జిప్పో లైటర్లకు వాడే చిన్న డబ్బా సరిపోతుంది. గ్యాస్ లైటర్లలో నింపే బ్యుటేన్ డబ్బా వేరు, దాన్ని తేవద్దు. నాఫ్తా బంకను, మైనాన్ని, జిడ్డును కరిగిస్తుంది. ఆరిన లక్క, ఎన్‌సీ లాకర్, పీయూ మూడింటినీ సాధారణంగా ఏమీ చేయదు, నిమిషంలో ఆరిపోతుంది. అయినా కనబడని చోట ఒక చుక్క వేసి చూసుకున్నాకే వాడండి.

పద్ధతి ఇది. తెల్ల నూలు గుడ్డను వేలికి చుట్టి అయిదారు చుక్కలు గుడ్డ మీదే వేయండి, వాద్యం మీద పోయకండి. బంక మీద ఇరవై సెకన్లు ఆనించి ఉంచండి. రుద్దాలని తొందరపడితే బంక పలచబడి చుట్టూ పరుచుకుంటుంది. తర్వాత అంచు నుంచి మధ్యకు తుడవండి. గుడ్డను ప్రతిసారీ శుభ్రమైన వైపుకు తిప్పండి, లేకపోతే తీసిన బంకనే మళ్లీ పూస్తారు. ఇట్లా మూడు నాలుగు సార్లు. ఒక గిటార్ వెనుక భాగమంతటికీ 10 మిల్లీలీటర్లు మించి పట్టదు. గుడ్డకు గోధుమ రంగో ఎరుపు రంగో అంటుతున్నదంటే పాలిష్ దిగుతున్నట్టు. ఆ క్షణమే ఆపేయండి.

నాఫ్తా దొరకలేదు. పెయింట్ దుకాణంల ఏం అడగాలె?

మినరల్ టర్పెంటైన్ అడగండి. కొందరు ఎంటీఓ అంటారు. హన్మకొండ చౌరస్తా, వరంగల్ చౌరస్తా పక్కన ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అయినా ఉండే సరుకే. నాఫ్తా కన్నా మెల్లగా ఆరుతుంది, కాస్త జిడ్డు వదులుతుంది, కాబట్టి ఆనించే సమయం ఒక నిమిషానికి పెంచి, చివర సబ్బు నీటి గుడ్డతో తుడవాలి. అడిగేటప్పుడు "థిన్నర్" అనే మాట నోట రానీయకండి. దుకాణంలో ఎన్‌సీ థిన్నర్ చేతికిస్తారు, అది లాకర్‌ను తినేస్తుంది. సీసా మీద పేరు చదివి తీసుకోండి.

బండిల నుంచి కొంచెం పెట్రోలు తీసి వాడొచ్చా?

వాడొద్దు. బంకులో దొరికే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ అంటే స్పిరిటే, లక్క పాలిష్‌కు నేరుగా శత్రువు. పైగా బెంజీన్ లాంటి విషపు పదార్థాలు, రంగు, ఇంజన్ కోసం కలిపే ఇతర మందులు అందులో ఉంటాయి. పాత రోజుల్లో పెట్రోలుతో తుడిస్తే ఏమీ కాలేదని పెద్దవాళ్లు చెప్పడం అబద్ధం కాదు, అప్పటి పెట్రోలులో ఇంత ఇథనాల్ లేదు. గ్యాస్ నూనె (కిరోసిన్) టర్పెంటైన్ లాంటిదే అయినా వాసన చెక్కలో నెలల తరబడి నిలుస్తుంది.

శానిటైజర్, నెయిల్ పాలిష్ రిమూవర్, కొబ్బరి నూనె, నీలగిరి తైలం, టూత్‌పేస్ట్: వీటిల ఏది మంచిది?

కొబ్బరి నూనె ఒక్కటి పనికొస్తుంది, అదీ పూతకు పగులు లేనప్పుడు. నాలుగు చుక్కలు బంక మీద రాసి పదిహేను నిమిషాలు ఉంచితే బంక మెత్తబడి పిక్‌తో తోసేస్తే వస్తుంది. పాత రబ్బరు బంకకు రెండుసార్లు చేయాలి. పగుళ్లలోకి, గిటార్ గుండ్రటి రంధ్రం అంచుకు, బ్రిడ్జి చుట్టూ నూనె పోనీయొద్దు. పచ్చి చెక్కలోకి దిగిన నూనె మచ్చ పోదు, రేపు అక్కడ అతుకు వేయాల్సి వస్తే జిగురు పట్టదు.

శానిటైజర్‌లో ఉండేది ఆల్కహాల్. లక్క పాలిష్ హార్మోనియం మీద ఒక్క పంపు చాలు, చేతి ముద్ర అచ్చు దిగుతుంది. రిమూవర్‌లో అసిటోన్ గానీ ఎసిటేట్ గానీ ఉంటుంది. లాకర్‌తో పాటు వీణ మీద అతికించిన ప్లాస్టిక్ నగిషీని, హార్మోనియం మెట్ల పైరేకును కూడా కరిగిస్తుంది. నీలగిరి తైలం బంకను బాగానే తీస్తుంది గానీ లక్కను, లాకర్‌ను మెత్తబరచగలదు. పీయూ పూత అని ఖాయంగా తెలిస్తేనే దాని జోలికి వెళ్లండి. టూత్‌పేస్ట్, వంటసోడా, ఉప్పు గీతలు పెట్టే పొడులు. ఎండ పడ్డప్పుడు ఆ గీతలన్నీ లేచి కనబడతాయి.

హార్మోనియం మెట్ల మీద స రి గ మ స్టిక్కర్లు అంటించినం. అవి తీసే తీరు వేరేనా?

వేరే. చెక్క కన్నా ఇక్కడ భయం మెట్ల సందులది. ప్రతి మెట్టు కింద గాలి రంధ్రాన్ని మూసే తోలు ఉంటుంది. ద్రవం గానీ నూనె గానీ సందులోంచి దానిదాకా కారితే తోలు సరిగా కూర్చోదు. అప్పుడు గాలి కారి, నొక్కకుండానే స్వరం మోగుతూ ఉంటుంది. అందుకని హార్మోనియంను బల్ల మీద మెట్లు మన వైపు కొద్దిగా వాలేటట్టు పెట్టుకోండి. పక్కన ఉన్న రెండు మెట్ల మధ్య సన్నగా మడిచిన పొడి గుడ్డ దూర్చండి. దూది పుల్లకు రెండు చుక్కలు మాత్రమే నాఫ్తా పెట్టి, లోపలి నుంచి మన వైపుకు, మెట్టు పొడవునా తుడవండి. పక్కలకు తుడిస్తే బంక అంచు మీదుగా సందులోకి పోతుంది, మెట్టు అతుక్కుని పైకి లేవదు. ఒక మెట్టు పూర్తయ్యాక నాలుగైదుసార్లు నొక్కి లేస్తుందో లేదో చూసి తర్వాతి దానికి వెళ్లండి. ఈ పనిలో కొబ్బరి నూనె వాడకండి.

వీణకు జాగ్రత్తలేమిటి?

బొబ్బిలి వీణ అయినా తంజావూరు వీణ అయినా పనస కర్రతో చేసినదే. చెక్క గట్టిదే, చిక్కంతా మేళంతో, అంటే మెట్ల వరుసను మైనంతో నిలబెట్టే అమరికతో. మెట్లు నిలబడేది నల్లని మైనం మీద. నాఫ్తా, టర్పెంటైన్ రెండూ మైనాన్ని కరిగిస్తాయి, హెయిర్ డ్రయ్యర్ దాన్ని మెత్తబరుస్తుంది. మెట్టు ఒక వెంట్రుక మందం జరిగినా శ్రుతి తప్పుతుంది, మళ్లీ మేళం కట్టించాలి. స్టిక్కర్ దండి (వీణ పొడవాటి మెడ) మీద మేళానికి దగ్గర్లో ఉంటే వేడీ వద్దు, ద్రవమూ వద్దు. టేపు ముక్కతో అద్ది లేపడం వరకే చేయండి. కుండ మీద ఉంటే పైన చెప్పిన నాఫ్తా పద్ధతి సరిపోతుంది. మెడ చివర కింద తగిలించే బుర్ర కాగితం గుజ్జుతో చేసినదైతే తడి గుడ్డ పెట్టకండి.

తబలా, డోలక్ కర్ర మీది స్టిక్కర్‌కు?

పద్ధతి అదే. తోలుకు, వార్లకు, మధ్యలోని నల్ల మందుకు ఒక్క చుక్క కూడా తగలకూడదు. వాద్యాన్ని పడుకోబెట్టి, పైన తోలు అంచు చుట్టూ పొడి గుడ్డ కట్టి పని చేయండి.

దసరా పూజల పెట్టినప్పటి పసుపు, కుంకుమ బంకకు పట్టుకుంది. తడి గుడ్డతో తుడవొచ్చా?

ముందు పొడిగానే తీయాలి. పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. కొబ్బరి నూనె రాశారంటే పసుపు మచ్చ సన్నని పగుళ్లలోకంతా పాకుతుంది. మెత్తని పెయింట్ బ్రష్‌తో పొడిని దులిపి, మిగిలినదాన్ని టేపు ముక్కలతో అద్ది తీసి, ఆ తర్వాతే నాఫ్తా. వసంత పంచమికి బాసరలో వాద్యాన్ని అమ్మవారి ముందు పెట్టి తెచ్చుకున్నా ఇదే వరుస. బొట్టు పెట్టాలనుకుంటే పాలిష్ మీద నేరుగా కాకుండా చిన్న తమలపాకు ముక్క మీద పెట్టండి.

బంక అంతా పోయింది, కానీ స్టిక్కర్ ఆకారం ఇంకా కనబడుతుంది. ఎందుకు?

మూడు కారణాల్లో ఏదో ఒకటి. పలచని బంక పొర మిగిలి ఉండొచ్చు. నోటి ఆవిరి ఊది, సెల్‌ఫోన్ లైటును పక్క నుంచి వాలుగా వేసి చూడండి. బంక ఉన్నచోట ఆవిరి వేరుగా పడుతుంది, అప్పుడు ఇంకోసారి నాఫ్తా. ఆవిరి అంతటా ఒకేలా పడి, రంగు మాత్రం తేడాగా ఉంటే అది వెలుతురు పని. స్టిక్కర్ కింద ఎండ తగలక అసలు రంగు నిలిచింది, చుట్టూ పాతబడింది. తుడిస్తే పోయేది కాదు. కాలం గడిచేకొద్దీ కొంత కలుస్తుంది. తొందరపడి వాద్యాన్ని వరంగల్ ఎండలో పెట్టారంటే మచ్చ పోకముందే చెక్క పగులుతుంది.

మూడోది అంచులు వేలికి తగిలేలా అచ్చు దిగడం. ప్లాస్టిక్ స్టిక్కర్‌ను మెత్తగా ఉంచేందుకు కలిపే నూనెల్లాంటి పదార్థాలు ఏళ్ల తరబడి ఎన్‌సీ లాకర్‌లోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తాయి. గిటార్ స్టాండు రబ్బరు పెట్టే మచ్చలకూ కారణం ఇదే. 44, 45 డిగ్రీల ఎండాకాలాల్లో, అద్దాలు మూసిన కారులో అది ఇంకా తొందరగా జరుగుతుంది. ఇది ఇంట్లో పోదు.

రిమూవర్ తోటి ఇప్పటికే తుడిచినం, పూత జిగటగా అయింది. ఇప్పుడేం చేయాలె?

చెయ్యి తీసేయండి. ఇంకో గుడ్డతో తుడవకండి, నీళ్లు పోయకండి. మెత్తబడ్డ పూత లోపల ఎక్కిన ద్రవం ఆవిరైపోతే చాలావరకు మళ్లీ గట్టిపడుతుంది. తుడిస్తే పూత గుడ్డకే వస్తుంది. దుమ్ము పడని గదిలో, సంచిలో పెట్టకుండా, రెండు రోజులు వదిలేయండి. తర్వాత మెరుపు మాత్రమే తగ్గి ఉంటే పాలిష్ చేసేవాళ్లు తేలిగ్గా సరిచేస్తారు. లక్క పాలిష్ తడికి తెల్లబడితే కూడా ముందు ఇట్లాగే ఆరనివ్వాలి, చాలాసార్లు దానంతట అదే పోతుంది. వానాకాలంలో ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

మంట భయం ఎంతవరకు?

నిజంగా భయపడాల్సిందే. నాఫ్తా ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది, గాలి కన్నా బరువు కనుక నేల మీద పాకుతుంది. భజన గదిలో నేల మీద దీపం, అగరుబత్తి, హారతి కర్పూరం ఉంటే ఆ గదిలో ఈ పని పెట్టుకోవద్దు. వంటింట్లో అసలే వద్దు. కిటికీలు తెరిచి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చేయండి. మే నెల మధ్యాహ్నం అయితే ద్రవం బంకను తాకేలోపే ఆరిపోతుంది. పని మధ్యలో స్విచ్‌లు వేయడం, తీయడం చేయకండి. వాడిన గుడ్డలను ముద్ద చేసి చెత్తబుట్టలో వేయకుండా బయట పరిచి ఆరాక పారేయండి. పిల్లలను దూరంగా ఉంచండి.

అంతా అయ్యాక పాలిష్ కొట్టాల్నా?

అదే రోజు వద్దు. 200 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం కలిపి, గుడ్డ తడిపి గట్టిగా పిండి ఒకసారి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తడి లేకుండా తుడవండి. మరుసటి రోజు చూస్తే చాలాసార్లు పాలిష్ అక్కరే ఉండదు. సిలికాన్ ఉన్న కారు పాలిష్‌లు, ఫర్నిచర్ స్ప్రేలు కొట్టకండి. రేపు కొత్త పూత వేయించినప్పుడు అక్కడ పూత నిలవక గుంటలు పడతాయి. మెరుపు లేని మ్యాట్ పూత వాద్యాన్నైతే గట్టిగా రుద్దకండి, రుద్దినచోట మెరుపు వచ్చి మచ్చలా నిలుస్తుంది.

తీయకూడని స్టిక్కర్లు ఉన్నయా?

ఉన్నాయి. వయొలిన్, గిటార్ లోపల కనిపించే చీటీ, వీణ మీద తయారుచేసినవారి పేరు పట్టీ, వరుస సంఖ్య ఉన్న చీటీ. వాద్యం ఎక్కడిదో చెప్పేవి అవే, అమ్మేటప్పుడూ రిపేరుకూ అవసరం పడతాయి. కంపెనీ గుర్తు మీద గోరు ఆడించి చూడండి. అంచు తగలకపోతే అది పూత కింద ఉంది, ఏ ద్రవమూ దాన్ని తీయలేదు, పూతను తీస్తుంది. పురాతన వయొలిన్, పగుళ్లున్న పాత వీణ, అంచు లేపగానే పెచ్చు కదులుతున్న వాద్యం ఏదైనా సరే, చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టి రిపేరు చేసేవాళ్లకు చూపించండి.

నేర్చుకునే పిల్లకు స్వరాల గుర్తులు కావాలె. ఏం అంటించాలె?

పెయింటర్లు వాడే కాగితపు మాస్కింగ్ టేపు. చిన్న ముక్క కత్తిరించి, అంటించే ముందు బట్ట మీద రెండుసార్లు అద్ది పట్టు తగ్గించండి. పెన్నుతో రాశాకే అంటించండి, మెట్టు మీద పెట్టి రాస్తే సిరా పక్కకు దిగుతుంది. రెండు వారాలకోసారి తీసి కొత్తది వేయండి, ఎండాకాలంలో వారానికే.